ఒకే సబ్జెక్టా, కలగలుపు కోర్సా: ఏది మేలు?

డిగ్రీలో ఒకే సబ్జెక్టు పట్టుకుని లోతుకు దిగాలా, లేక రెండు మూడు శాస్త్రాలు కలిపిన కోర్సులో చేరాలా? శాస్త్రాల మధ్య గోడలు అంత గట్టివేం కావు. రూథర్‌ఫర్డ్ ఫిజిక్స్ మనిషి, 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది మాత్రం కెమిస్ట్రీలో. 2002లో ఎకనామిక్స్ బహుమతి అందుకున్న డేనియల్ కానెమన్ సైకాలజిస్టు. ఇవి విన్నప్పుడు కలగలుపే మేలనిపిస్తుంది. నేను మాత్రం అంత తొందరపడను.

డైనోసార్ల సంగతే చూడండి. ఇటలీలోని గుబ్బియో దగ్గర సున్నపురాళ్ల మధ్య ఒక సన్నటి బంకమట్టి పొర ఉంది. రాళ్లలో డైనోసార్ల కాలం ముగిసింది సరిగ్గా ఆ పొర దగ్గరే. ఆ పొర పేరుకోవడానికి ఎంతకాలం పట్టిందన్నది జియాలజిస్టు వాల్టర్ అల్వారెజ్ ప్రశ్న. అందులో ఇరిడియం అనే అరుదైన లోహం ఎంతుందో కొలిస్తే తెలుస్తుందన్నది ఆయన తండ్రి లూయిస్ ఆలోచన. ఈయన 1968లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నవాడు. ఉల్కాధూళితో పాటు ఇరిడియం నిలకడగా రాలుతుంటుంది కాబట్టి అది గడియారంలా పనికొస్తుందని లెక్క. కొలిచిపెట్టింది న్యూక్లియర్ కెమిస్టులు ఫ్రాంక్ అసారో, హెలెన్ మైఖేల్. తీరా చూస్తే ఉండాల్సిన దానికి దాదాపు 30 రెట్లు! గడియారం పనికిరాలేదు గానీ, గ్రహశకలం ఢీకొట్టిందన్న వాదన 1980లో అందులోంచే పుట్టింది.

వీళ్లలో ఎవరూ అన్నీ కొంచెం కొంచెం తెలిసినవాళ్లు కారు. ఎవరి పనిముట్టు వాళ్ల చేతిలో పదునుగా ఉంది. అయితే ఒకే సబ్జెక్టుకు అతుక్కుపోతే పక్కవాడిని ఏమడగాలో కూడా తెలియదు. అందరికీ ఇంట్లో నోబెల్ తండ్రి ఉండడు కదా!

కలగలుపు కోర్సులన్నీ ఒకటి కావు. బయోకెమిస్ట్రీ ఒకప్పుడు సరిహద్దు, ఇప్పుడు సొంత పద్ధతులున్న పూర్తి సబ్జెక్టు. దాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. నాలుగు డిపార్ట్‌మెంట్ల మొదటి పాఠాలు కలిపి కుట్టిన కోర్సుతోనే చిక్కు. సిలబస్ చూస్తే తెలిసిపోతుంది: చివరి ఏడాదిలో కూడా పేపర్లన్నీ ‘పరిచయం’ అనే ఉంటే వదిలేయండి.

నా ఓటు డిగ్రీలో ఒకే సబ్జెక్టుకు, పక్కన స్టాటిస్టిక్స్‌కు. స్టాటిస్టిక్స్‌కు ఏ శాస్త్రం ఇంటికెళ్లినా పీట వేస్తారు. కలపడం పీజీలో మొదలుపెట్టినా ఆలస్యమేం కాదు. ఇప్పటికే కలగలుపులో చేరిపోయినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, ల్యాబ్ పద్ధతో, ప్రోగ్రామింగో ఒకదాన్ని చేయి తిరిగేదాకా పట్టు వదలకుండా నేర్చుకుంటే చాలు.