యూనివర్సిటీ టీమ్‌కి కబడ్డీయా, ఖోఖోనా?

నెల్లూరు వైపు డిగ్రీ పిల్లోళ్లకి కాకుటూరు విక్రమ సింహపురి యూనివర్సిటీ టీమ్‌లోకి పోవాలంటే (ఒంగోలు వాళ్లకి ఆంధ్ర కేసరి వేరే ఉందిలే) దారి రెండు ఆటలకీ ఒకటే, ఇంటర్ కాలేజియేట్‌లో ఆడి సెలెక్ట్ అయితే సౌత్ జోన్ (దక్షిణాది యూనివర్సిటీల పోటీలు), అక్కడ గెలిస్తే ఆల్ ఇండియా.

కబడ్డీకి క్రేజ్ ఎక్కువ, 2014 నుంచి ప్రో కబడ్డీ టీవీలో చూస్తానే ఉన్నాం కదా, అందుకే పోటీ కూడా ఎక్కువే. కానీ మట్టిలో ఇరగదీసినోడు మ్యాట్ ఎక్కి బూట్లేసుకోగానే తడబడతాడు. 30 సెకన్ల రెయిడ్‌లో బోనస్ గీత (దాటితే ఎక్స్‌ట్రా పాయింట్ వచ్చే గీత) దాటేటప్పుడు వెనక కాలు గాల్లో ఉండాలి, రూల్ అందరికీ తెలుసు, ఒంటికి మాత్రం తొందరగా రాదు, దానికి తోడు యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) పడిందంటే మోకాలు సంగతి దేవుడెరుగు.

ఖోఖో అట్ట కాదు, బలం కంటే ఊపిరి ముఖ్యం. టర్న్‌కి 9 నిమిషాలు, డిఫెండర్లు ముగ్గురు ముగ్గురు దిగుతారు, తరిమేవాడు ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, అందుకే కూర్చున్న తన టీమోడిని తట్టి ఖో ఇచ్చే టైమింగ్‌లోనే ఆటంతా ఉంటుంది. బక్కపల్చగా ఉండి స్పీడున్నోడైతే నేను ఖోఖోకే పొమ్మంటా, స్తంభం దగ్గర డైవ్ మాత్రం ముందే బాగా ప్రాక్టీస్ చెయ్యండబ్బా, లేకపోతే మోచేతులు చీరుకుపోతాయి.