చైనాలో ‘వీసా లేకుండా రెండు రాత్రులు’: భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఈ ప్యాకేజీ కొనకండి

ఆస్ట్రేలియాకో జపాన్‌కో అమెరికాకో వెళ్లేవారికి ట్రావెల్ ఏజెంట్లు ఇప్పుడు ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. దారిలో గ్వాంగ్‌జౌలోనో షాంఘైలోనో దిగి రెండు రాత్రులు ఉండవచ్చట, వీసా అక్కర్లేదట, హోటలూ కారూ టికెట్టు ధరలోనే వచ్చేస్తాయట. మీ చేతిలో ఉన్నది భారతీయ పాస్‌పోర్టు అయితే ఆ మాట నిజం కాదు. డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే ప్రయాణం రోజు దాకా ఆగకుండా ఇవాళే మీ టికెట్టు బయటికి తీసి, చైనాలో ఎన్ని గంటలు ఆగుతున్నారో చూసుకోండి.

మా అమ్మాయి సిడ్నీలో ఉంటుంది. దాన్ని చూడడానికి మా వారూ నేనూ బయలుదేరాం. హైదరాబాద్‌లో బంధువులు చెప్పిన ఏజెంటు ఢిల్లీ నుంచి గ్వాంగ్‌జౌ, అక్కడ రెండు రాత్రులు, ఆపైన సిడ్నీ అని దారి వేశాడు. 2020లో ఆగిపోయిన, నేరుగా చైనా వెళ్లే విమానాలు 2025 అక్టోబరు చివర్లో కోల్‌కతా నుంచి, నవంబరులో ఢిల్లీ నుంచి గ్వాంగ్‌జౌకు మళ్లీ మొదలయ్యాయి. సింగపూర్ మీదుగా వెళ్లేదానికంటే ధర బాగా తక్కువ చెప్పాడు. వోచరులో కాంటన్ టవర్, పెర్ల్ నదిలో రాత్రి పడవ విహారం, షామియన్ దీవి అన్నీ ఉన్నాయి. వీసా సంగతేమిటని అడిగాం, రెండుసార్లు నొక్కి అడిగాం. “అవసరం లేదమ్మా, దారిలో దిగేవాళ్లకు చైనా పది రోజులు ఇస్తోంది” అన్నాడు. పేపరు వార్త ఫొటో తీసి పంపాడు. అంతటితో ఆగకుండా, డాలస్ నుంచి వస్తూ మా ఆడపడుచు కుటుంబం షాంఘైలో దిగి రాలేదా అని మాకే గుర్తు చేశాడు. వాళ్లు దిగిన మాట నిజమే. వాళ్లవి అమెరికా పాస్‌పోర్టులు. ఆ టికెట్లు వేసినవాడికి ఆ సంగతి తెలియదా?

ఢిల్లీ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటరులోని అమ్మాయి పాస్‌పోర్టులు చూసి, తెరపై ఏదో చదివి, పై అధికారిని పిలిచింది. చైనా వీసా చూపించమన్నారు. వోచరు చూపించాం, పేపరు వార్త ఫొటో చూపించాం. “మీ దేశానికి ఆ సౌకర్యం లేదు, అక్కడ మీరు దిగే సమయం ఇరవై నాలుగు గంటలు దాటింది, ఎక్కించలేం” అన్నారు. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, తప్పు వాళ్లది కాదు. విమాన సంస్థలు ప్రతి ప్రయాణికుడి పత్రాలనూ టిమాటిక్ అనే అంతర్జాతీయ సమాచార వ్యవస్థలో సరిచూస్తాయి. అర్హత లేనివారిని తీసుకెళితే వెనక్కి తెచ్చే బాధ్యత, కట్టే జరిమానా విమాన సంస్థపైనే పడతాయి. కాబట్టి కౌంటరు దగ్గర ఎంత వాదించినా లాభం లేదు. ఏజెంటు మొదట ఫోను ఎత్తలేదు, తర్వాత ఎత్తి “గ్వాంగ్‌జౌలో దిగాక అడిగితే ఇస్తారని చెప్పండి” అన్నాడు. మా పెట్టెలతో ఆ రాత్రి హాలులోనే కూర్చున్నాం. పొద్దున సింగపూర్ మీదుగా కొత్త టికెట్లు, అప్పటికప్పుడు చెప్పిన ధరకు కొన్నాం. అరవై దాటిన మనిషి, షుగరు ఉన్న మనిషి, రాత్రంతా ఇనుప కుర్చీలో కూర్చోవడం మా వారికి ఎలాంటి నరకమో నేను కళ్లారా చూశాను. నా కోపమంతా అక్కడి నుంచే పుట్టింది.

ఈ మోసం రెండు వేర్వేరు నిబంధనలను కలిపి చెప్పడంలో ఉంది.

ఒకటి 240 గంటల నిబంధన. పేపర్లలో వచ్చింది ఇదే. అంతకుముందు కొన్ని ఊళ్లలో 72 గంటలు, కొన్నిచోట్ల 144 గంటలు ఉన్న సౌకర్యాన్ని 2024 డిసెంబరు 17 నుంచి 240 గంటలకు, అంటే పది రోజులకు పెంచారు. అప్పుడు 54 దేశాలకు వర్తించింది, 2025 జూన్‌లో ఇండోనేషియాను చేర్చారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్, సింగపూర్, యూఏఈ ఆ జాబితాలో ఉన్నాయి. భారతదేశం లేదు. పాకిస్తాన్, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ కూడా లేవు.

రెండోది 24 గంటల నిబంధన. ఇది దాదాపు అన్ని దేశాలవారికీ ఉంది, మనకూ ఉంది. ఒక దేశం నుంచి వచ్చి, చైనా మీదుగా మూడో దేశానికో ప్రాంతానికో వెళుతూ, సీటు ఖాయమైన టికెట్టు చేతిలో ఉంటే, 24 గంటల్లోపు వీసా లేకుండా దాటిపోవచ్చు. అయితే ఆ గంటల్లో విమానాశ్రయం దాటి ఊళ్లోకి వెళ్లాలంటే సరిహద్దు తనిఖీ అధికారుల దగ్గర తాత్కాలిక ప్రవేశ అనుమతి తీసుకోవాలి. ఇవ్వడమూ మానడమూ వాళ్ల ఇష్టం. ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి భారతీయ పాస్‌పోర్టుతో రెండు రాత్రులు ఉండనిచ్చే నిబంధన ఈ రెండింటిలో ఏదీ కాదు. ఒక్క రాత్రి హోటలు అమ్మినా అది అధికారి దయమీద ఆధారపడిన హోటలే.

గంటల లెక్కలోనూ మెలిక ఉంది. 240 గంటల లెక్క దిగిన రోజు అర్ధరాత్రి దాటి మరునాడు మొదలైన క్షణం నుంచి మొదలవుతుంది, కాబట్టి వాళ్లకు ఇంకా కాస్త వెసులుబాటు వస్తుంది. 24 గంటలు అలా కాదు, విమానం దిగిన వేళ నుంచి ఎక్కే వేళ వరకే. ఇరవై అయిదో గంట అయితే వర్తించదు. మా ఏజెంటు ఆ మరునాటి లెక్కను తెచ్చి దీనికి అంటగట్టాడు.

అమెరికాలో ఉన్న మన కుటుంబాలు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. పిల్లలు అక్కడ పుట్టినవారు, వాళ్లకు అమెరికా పాస్‌పోర్టు. తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు మీద, చేతిలో భారతీయ పాస్‌పోర్టు. పిల్లలకు పది రోజులు వర్తిస్తుంది, తల్లికీ తండ్రికీ వర్తించదు. గ్రీన్‌కార్డు ఉన్నా అమెరికా వీసా ఉన్నా ఈ విషయంలో పనికిరావు. పాస్‌పోర్టు ఏ దేశానిది అన్నదొక్కటే చూస్తారు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో కూడా దీనికి సంబంధం లేదు. కుటుంబమంతటికీ ఒకే మాట చెప్పి టికెట్లు వేసే ఏజెంటును నమ్మకండి, ఒక్కొక్కరి పాస్‌పోర్టుకూ విడివిడిగా అడగండి. సగం కుటుంబం లోపలికి, సగం కుటుంబం గాజు తలుపు ఇవతల, చంటిపిల్లలతో ఆ పరిస్థితి ఎవరికీ రాకూడదు.

టికెట్టు ఒకే పీఎన్ఆర్ మీద ఉందా అన్నది కూడా చూడండి. మాకు రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లు ఇచ్చాడు, ధర తగ్గింది అందుకే. అలాంటప్పుడు గ్వాంగ్‌జౌలో పెట్టెలు మనమే తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేసుకోవాల్సి రావచ్చు, అంటే ఇమిగ్రేషన్ దాటాలి. షాంఘైలో అయితే పుడాంగ్, హాంగ్‌చావ్ అని రెండు విమానాశ్రయాలు, ఊరికి చెరో వైపున. బీజింగ్‌లో క్యాపిటల్, డాషింగ్. దిగేది ఒకచోట, ఎక్కేది ఒకచోట అయిన టికెట్టు వీసా లేనివారికి పెద్ద చిక్కు. ఢిల్లీ నుంచి గ్వాంగ్‌జౌ వెళ్లి తిరిగి ఢిల్లీకే వచ్చే టికెట్టును దారిమధ్య మజిలీగా లెక్కించరు, మూడో దేశం ఉండి తీరాలి. ఏప్రిల్, అక్టోబరు నెలల్లో గ్వాంగ్‌జౌలో జరిగే కాంటన్ ఫెయిర్ అనే వాణిజ్య ప్రదర్శనకు సరుకు చూడడానికి వెళ్లే మన వ్యాపారులకు కూడా ఇదే ప్యాకేజీ చూపిస్తున్నారని విన్నాను. వారికి వీసా తప్పనిసరి.

నిజంగా దారిలో ఒక ఊరు చూడాలనుకుంటే, చైనా వీసా ముందే తీసుకుని వెళ్లండి, గ్వాంగ్‌జౌ చూడదగిన ఊరే. లేదా హాంకాంగ్ చూడండి. అక్కడ భారతీయులు ఆన్‌లైన్‌లో ఉచితంగా ముందస్తు నమోదు చేసుకుంటే 14 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. ఆ నమోదుకూ డబ్బు అడిగే ఏజెంట్లు ఉంటారు, ఇవ్వకండి.

కొనేముందు ఏజెంటును ఒక్క ప్రశ్న అడగండి: మా పాస్‌పోర్టుకు ఏ నిబంధన వర్తిస్తుంది, 24 గంటలదా, 240 గంటలదా? జవాబు ఫోనులో వద్దు, మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాసి పంపమనండి. అదే రోజు విమాన సంస్థకు కూడా మీరే ఫోను చేసి, మీ పాస్‌పోర్టు దేశం, దిగే సమయం, ఎక్కే సమయం చెప్పి అడగండి. ఏజెంటు రాసివ్వనంటే అక్కడితో వదిలేయండి.

డబ్బు పోయినవారికి దారి ఉంది. మా ఏజెంటు వోచరు వెనక చిన్న అక్షరాల్లో ‘పత్రాల బాధ్యత ప్రయాణికులదే’ అని అచ్చువేసుకున్నాడు. వీసా అక్కర్లేదని తానే వాట్సాప్‌లో రాసిన తర్వాత ఆ వాక్యం చూపించి తప్పించుకోవడం అన్యాయం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేస్తారు. పరిష్కారం కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు నివసించే ఊళ్లోనే వేయవచ్చు, ఏజెంటు ఊరికి పరుగెత్తనక్కర్లేదు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. మేము వోచరు, వాట్సాప్ సంభాషణ, కౌంటరులో ఎక్కించలేదని విమాన సంస్థ రాసిచ్చిన కాగితం, కొత్త టికెట్ల రసీదులు అన్నీ జతచేసి ఫిర్యాదు పెట్టాం. కౌంటరు దగ్గర ఎంత కంగారులో ఉన్నా ఆ కాగితం అడిగి తీసుకోండి. తర్వాత అడిగితే దొరకడం కష్టం.