ఫ్లోరింగ్ పని నేర్చుకోవాలంటే మేస్త్రి దగ్గరా, శిక్షణ కేంద్రంలోనా?

పరిచిన టైల్‌ను వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద అడెసివ్ (టైల్‌ను నేలకు పట్టించే జిగురు) సరిగా అంటలేదన్నమాట. ఫ్లోరింగ్‌లో అసలు పనితనం ఇలా కంటికి కనపడని చోటే ఉంటుంది. అందుకే ఎక్కడ చేరాలని ఎవరు అడిగినా నేను ఒక్కటే చూడమంటాను: నేల కింద ఏం జరుగుతుందో అక్కడ నేర్పుతారా?

మేస్త్రి దగ్గర చేరితే మొదటి రోజే అసలు గది ఎదురవుతుంది. మూల మట్టం కుదరదు, గోడ వంకరగా ఉంటుంది, తలుపు కింద తగులుతుంది. ముక్క టైల్ ఏ గోడవైపు రావాలో, బాత్రూంలో వాటం ఎటు తీయాలో అక్కడే ఒంటబడుతుంది. ఎంతో కొంత కూలీ కూడా చేతికొస్తుంది. చిక్కల్లా మేస్త్రి తప్పులు కూడా శిష్యుడికి అబ్బడమే. టైల్ వెనక నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికించడం అలాంటిదే. పని త్వరగా తెములుతుంది గానీ, ముద్దల మధ్య ఖాళీ ఉన్నచోట బరువు పడితే టైల్ పగులుతుంది. పళ్లున్న తాపీతో అడెసివ్‌ను ఒకే దిశలో గీతలుగా లాగి, టైల్‌ను వాటికి అడ్డంగా కదుపుతూ నొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది. ఇంటి లోపల పొడిగా ఉండే గదుల్లో టైల్ వెనక భాగంలో కనీసం 80 శాతానికి, తడి తగిలే చోట 95 శాతానికి అడెసివ్ అంటాలన్నది అమెరికా ప్రమాణం. అప్పుడే పరిచిన టైల్‌ను ఒకటి లేపి వెనక వైపు చూపించే మేస్త్రి దొరికితే మాత్రం ఆయన్ను వదులుకోవద్దు.

చెక్క, వినైల్ (నేల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లు, పలకలు) సంగతి వేరు. అక్కడ శిక్షణ కేంద్రానిదే పైచేయి. 28 రోజులు క్యూరింగ్ అయిన కాంక్రీట్ గట్టిపడి ఉండవచ్చు, ఆరిందని మాత్రం కాదు. లోపలి తేమను మీటర్‌తో కొలవకుండా పైన వినైల్ అతికిస్తే జిగురు వదిలేస్తుంది, చెక్క పరిస్తే ఉబ్బుతుంది. గోడ పక్కన ఖాళీ ఎందుకు వదలాలో చెప్పేదీ, కొలత పట్టించేదీ కేంద్రమే. టైల్ పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుందనీ, నీళ్లతో కోయాలనీ, మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకోవాలనీ మొదటి వారంలోనే చెబుతారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈ మాట ఎంత ముందు చెబితే అంత మంచిది. కేంద్రంలో దొరకనిది చేతివేగం. చదునైన చెక్క బల్ల మీద నాలుగు టైల్స్ పరిచి, సాయంత్రానికి ఊడదీసేస్తే అది రాదు.

కంపెనీలు పెట్టే రెండు మూడు రోజుల కోర్సులు ఇప్పటికే పని తెలిసినవాళ్లకు. వాటితో మొదలుపెట్టవద్దు.

రెండూ కలిసిన దారి జర్మనీలో ఉంది: మూడేళ్లు జీతంతో పని, దాంతోపాటే వృత్తి పాఠశాల. అక్కడ టైల్ పనివాళ్లు సొంతంగా వ్యాపారం పెట్టుకోవడానికి మాస్టర్ అర్హత (పనివాడి స్థాయికి పైన ఉండే వృత్తి పరీక్ష) ఉండాలన్న నిబంధనను 2004లో తీసేశారు, 2020లో మళ్లీ తెచ్చారు. అలాంటి అవకాశం ఉన్నచోట వేరే ఆలోచన అక్కర్లేదు.

లేనిచోట నా సలహా ఇది. టైల్స్ మీద మనసుంటే ముందు మేస్త్రి, ఏడాది తర్వాత కేంద్రం. చెక్క, వినైల్ అయితే ముందు కేంద్రం. ఫీజు కట్టే ముందు తేమ మీటర్ చూపించమని అడగండి. ఎగుడుదిగుడు నేలను మట్టానికి తెచ్చే పని విద్యార్థుల చేత ఎన్నిసార్లు చేయిస్తారో కూడా కనుక్కోండి.