ఉల్లిపాయ మానాలా, వేళకు తింటే చాలా? ఐబీఎస్‌కు ఏది మేలు

పరీక్షలన్నీ అయ్యాక “మీకేం లేదండీ, ఐబీఎస్ అంతే” అని డాక్టరు తేల్చేస్తే సగం ఊరట, సగం ఒళ్ళుమంట. ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో ఏ పుండూ కనిపించకపోయినా పేగు సతాయించే జబ్బు. ఏమీ లేకపోతే ఈ కడుపుబ్బరం ఎందుకు, ఆఫీసుకి బయల్దేరే ముందు మూడోసారి బాత్రూముకి పరుగెందుకు? మందుల చీటీ చివర “డైట్ చూసుకోండి” అని ఒక ముక్క ఉంటుంది. ఆ చూసుకోవడంలో రెండు దారులున్నాయి. ఒకటి పాతది: వేళకు తినడం, కొంచెం కొంచెంగా తినడం, కారం, నూనె, టీ తగ్గించడం, ఇసబ్గోల్, నడక. రెండోది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లో ఫోడ్‌మ్యాప్ అనే పథ్యం: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు లాంటివి కొన్ని వారాలు పూర్తిగా పక్కన పెట్టడం. విశాఖలో వండుకు తినేవాళ్ళు దేనితో మొదలుపెట్టాలి? నా ఓటు పాతదానికే. కాకపోతే దాన్ని చాలామంది సగమే చేసి, పని చెయ్యలేదంటారు.

పోలికకి ముందు ఒక షరతు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, వదలని జ్వరం, రక్తహీనత, 50 ఏళ్ళు దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన మార్పు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్: వీటిలో ఒక్కటున్నా ఇక్కడ చదవడం ఆపి, విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీకో, తెలిసిన గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికో వెళ్ళండి. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ జబ్బుల్లో పేగుకి నిజంగా పుండ్లు పడతాయి. అక్కడ తిండి మందుకి తోడే తప్ప మందుకి బదులు రాదు. పేగు టీబీ కూడా క్రోన్స్‌లాగే కనిపించి మన దేశంలో డాక్టర్లనే తికమక పెడుతుంది. క్రోన్స్ వల్ల పేగు ఇరుకైనవాళ్ళు పక్కింటివాళ్ళ మాట విని పీచు దండిగా తింటే అది అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది.

ఇక పాత దారి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2008లో ఐబీఎస్‌కి ఇచ్చిన సూచనలు చదివితే మన అమ్మమ్మలు చెప్పినట్టే ఉంటాయి: పూట తప్పొద్దు, గబగబా మింగొద్దు, రోజుకి 8 కప్పులైనా నీళ్ళు లేదా పల్చటి పానీయాలు తాగాలి, టీ కాఫీ 3 కప్పులు దాటొద్దు, తాజా పళ్ళు కూడా పరిమితంగానే. వినడానికి చప్పగా ఉంటుంది. స్టీల్‌ప్లాంటులో ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు మారుతూ పనిచేసేవాళ్ళని అడగండి, వేళకు తినడం ఎంత కష్టమో చెబుతారు. వాళ్ళు గడియారాన్ని వదిలేసి, నిద్రలేచినప్పటి నుంచి లెక్కపెట్టుకోవడం నయం. లేచిన గంటకి ఒకటి, ఆ తర్వాత నాలుగైదు గంటలకి ఒకటి. నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి తాగే టీలే సగం గొడవ. క్యాంటీన్ బజ్జీలది మిగతా సగం.

ఈ దారిలో అందరూ తప్పుగా పట్టుకునేది పీచు. “మోషన్ ఫ్రీగా అవడానికి” తవుడు కలిపిన గోధుమపిండి, రాత్రిపూట అన్నం మానేసి చపాతీ. హాలండ్‌లో 275 మంది ఐబీఎస్ రోగుల మీద 12 వారాలు చేసిన ప్రయోగం 2009లో వెలువడింది. కొందరికి ఇసబ్గోల్, కొందరికి గోధుమ తవుడు, కొందరికి ఊరికే బియ్యప్పిండి, రోజుకి 10 గ్రాములు. ఇసబ్గోల్ వాడినవాళ్ళకి మేలు కనిపించింది. తవుడు గుంపులో బాధ ఎక్కువై మధ్యలోనే మానేసినవాళ్ళు ఎక్కువ. షుగర్ కోసం చపాతీకి మారినవాళ్ళ సంగతి వేరు, అది డాక్టరుతో మాట్లాడుకోవాలి. కడుపు కోసమే మారితే మాత్రం తిరిగి అన్నానికి రండి. ఇసబ్గోల్ ఏ మందుల షాపులోనైనా చవగ్గా దొరుకుతుంది. చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, గ్లాసుడు నీళ్ళు తప్పనిసరి. నీళ్ళు తగ్గితే అదే మలబద్ధకం తెస్తుంది.

నడక గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. స్వీడన్‌లో 12 వారాలు వ్యాయామం పెంచినవాళ్ళకి ఐబీఎస్ బాధలు తగ్గాయని 2011లో తేల్చారు. పొద్దున్నే బళ్ళు ఆపేసి బీచ్ రోడ్డుని నడిచేవాళ్ళకి వదిలేసే ఊళ్ళో ఉండి సాకులు వెతకడం కష్టం. నడకయ్యాక ఎదురుగా కనిపించే టిఫిన్ బండి దగ్గరే అసలు పరీక్ష.

ఇప్పుడు రెండో దారి. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు తయారుచేసింది. లెక్క ఇది: కొన్ని పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగులో సరిగ్గా ఇంకవు. అవి నీళ్ళని లాక్కుంటూ పెద్దపేగుకి చేరితే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. మామూలు మనిషికి ఆ ఉబ్బు తెలియదు. ఐబీఎస్ ఉన్న పేగు సున్నితం కాబట్టి అదే నొప్పిగా తెలుస్తుంది. 2 నుంచి 6 వారాలు అలాంటివన్నీ ఆపి, తగ్గితే ఒక్కొక్కటే తిరిగి చేర్చి, ఏది పడుతుందో ఏది పడదో చూసుకోవాలి.

మన వంటింట్లో ఇది అనుకున్నంత పరాయిది కాదు. అన్నంతో పేచీ లేదు. చేప, గుడ్డు, కోడి వాటంతటవి నిరపాయమే. వంజరం వేపుడు తినొచ్చు. చిక్కంతా పులుసులో పడే ఉల్లిముద్దతోనే. జీడిపప్పు కూడదు, వేరుశనగ పరవాలేదు. ఉల్లికాడల పచ్చభాగం వాడుకోవచ్చు, తెల్లది తీసెయ్యాలి. వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే పదార్థం నూనెలో కరగదు. అందుకే తాలింపులో రెబ్బలు వేయించి, ఎర్రబడ్డాక తీసి పారేస్తే వాసన నూనెకి దిగుతుంది, కడుపుకి గొడవ ఉండదు. రసంలో వేస్తే ఈ ఎత్తు పనిచెయ్యదు, నీళ్ళలో అది కరుగుతుంది. ఇంగువ ఉండనే ఉంది. అసలు కార్తీకమాసంలో ఉల్లి వెల్లుల్లి ముట్టని ఇళ్ళకి ఈ వంట నేర్పక్కర్లేదు. ఆవ పెట్టిన కూరలు, నిమ్మకాయ పులిహోర, అల్లం పచ్చిమిర్చి ముద్ద: దాదాపు సగం ఫోడ్‌మ్యాప్ వంట అక్కడే ఉంది. ఏటా ఆ నెలలో కడుపు తేలిగ్గా ఉందనేవాళ్ళు కారణం ఉల్లి దగ్గర వెతకొచ్చు.

కష్టమంతా పప్పు దగ్గర. రోజూ ముద్దపప్పో, సాంబారో లేకపోతే భోజనమే కాదనుకునే ఇంట్లో కందిపప్పు ఆపమంటే ఎవరికీ నచ్చదు. శాకాహారులకి మాంసకృత్తులు కూడా తగ్గుతాయి. పెసరపప్పు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి కొద్దిగా వండుకోవడం ఒక మధ్యేమార్గం. పాల బదులు బాగా తోడుకున్న పెరుగైతే కొంత లాక్టోజు, అంటే పాలలోని చక్కెర, తగ్గుతుంది. మామిడిపళ్ళ రోజుల్లో ఈ పథ్యం మొదలుపెట్టకండి, నిలబెట్టుకోలేరు.

రెండిటినీ ఎదురెదురుగా పెట్టి చూసినవాళ్ళూ ఉన్నారు. స్వీడన్‌లో 75 మందితో 4 వారాలు చేసిన పోలిక 2015లో వెలువడింది: ఫోడ్‌మ్యాప్ పథ్యంలో సుమారు 50 శాతం మందికి, మామూలు సలహాలు పాటించినవాళ్ళలో 46 శాతం మందికి బాధ తగ్గింది. మరుసటి ఏడాది అమెరికాలోని మిచిగాన్ నుంచి, విరేచనాల రకం ఐబీఎస్ మీద వచ్చిన అధ్యయనంలో ఊరట ఫోడ్‌మ్యాప్ వైపు 52, మామూలు సలహాల వైపు 41 శాతం మందికి. ఆ తేడా గట్టిగా నిలబడేది కాదు. నొప్పి, ఉబ్బరం మాత్రం ఫోడ్‌మ్యాప్ వైపు బాగా తగ్గాయి.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. ఇంతవరకూ ఏ పద్ధతీ లేకుండా తిన్నవాళ్ళు నాలుగు వారాలు పాత దారిని నిజాయితీగా చెయ్యాలి. దానికి ఇంట్లో వేరే కూర వండక్కర్లేదు, పెళ్ళి భోజనంలో వడ్డించేవాళ్ళతో వాదించక్కర్లేదు. అప్పటికీ ఉబ్బరం, నొప్పి వదలకపోతే రెండోది, అదీ డైటీషియన్ దగ్గర కూర్చుని. ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్ళు, పిల్లలు, తిండి అంటేనే భయం పట్టుకున్నవాళ్ళు సొంతంగా దాని జోలికి పోవద్దు.

నాకు ఎక్కువ కనిపించే పొరపాటు, ఉల్లి మానితే హాయిగా ఉందని జన్మంతా మానెయ్యడం. మొదటి దశ అలాగే సాగితే పేగులో మేలుచేసే బిఫిడో బాక్టీరియా తగ్గుతుంది. కాబట్టి తిరిగి చేర్చుకోవాల్సిందే: ఒక్కో పదార్థం మూడు రోజులు, కొంచెం కొంచెం పెంచుతూ, మధ్యలో రెండు మూడు రోజులు ఖాళీ. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి విడివిడిగా చూడాలి, ఒకటి పడకపోయినా ఇంకొకటి పడొచ్చు. ముందు పాలు, తర్వాత పప్పు, ఆపైన గోధుమ. ఉల్లిని ఆఖరికి ఉంచుకోండి. మొదటే అది తిని కడుపు నొచ్చితే మిగతావి పరీక్షించే ఓపిక ఎవరికీ ఉండదు.