పక్కింటి ప్రసాదం: తినడమా, మానడమా, మనిషిని చూసి మానడమా?

దసరాకి ఇంద్రకీలాద్రి ఎక్కి వచ్చిన పక్కింటావిడ స్టీలు డబ్బాలో లడ్డూ, పులిహోర తెచ్చి "వదినా, అమ్మవారి ప్రసాదం" అంటుంది. విజయవాడలో క్రైస్తవ విశ్వాసుల ఇళ్లకి ఏటా వచ్చే చిక్కే ఇది. దీనికి సంఘంలో మూడు జవాబులు వినిపిస్తాయి.

తినేయొచ్చు అనేవాళ్ల మాటలో బలముంది. విగ్రహం వట్టిదనీ, తిండి మనల్ని దేవుడి దగ్గరికి చేర్చదనీ అపొస్తలుడైన పౌలే ఒప్పుకున్నాడు (1 కొరింథీ 8:4, 8). కానీ ఆ పూట ఇంట్లో ఇంకెవరున్నారు? మొన్నమొన్నటిదాకా ఎర్రబట్టలు కట్టి భవానీ దీక్ష చేసి, ఈమధ్యే బాప్తిస్మం తీసుకున్న కుర్రాడికి ఆ లడ్డూ అంటే శనగపిండీ పంచదారా కాదు, మొక్కు. సంఘపెద్ద తినడం చూసి, లోపల వద్దనిపిస్తున్నా తానూ నోట్లో వేసుకుంటాడు. అనుమానంతో తిన్నవాడికి అది పాపమే (రోమా 14:23). పెద్దకేమీ కాలేదు, పడింది కుర్రాడు. పౌలు చెప్పిన అభ్యంతరం, అంటే తోటివాడు పడిపోయేలా చేయడం, ఇదీ. ఎవరికో మన పద్ధతి నచ్చకపోవడం అభ్యంతరం కాదు.

అన్నీ మానేయడం సులువే గానీ, అది ఎక్కడా ఆగదు. దీపావళికి పంపిన మామూలు మైసూర్‌పాక్ కూడా వెనక్కి పోతుంది. ఆదివారం మటన్ కొట్లో హలాలా కాదా అని ఆరా మొదలవుతుంది. కటికి అంగడిలో అమ్మేదాన్ని విచారణ లేకుండా తినమన్నాడు పౌలు (1 కొరింథీ 10:25).

మేలైనది మూడోదే, మనిషిని చూసి మానడం. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవాడి కోసం మానమన్నాడు పౌలు. ఇక్కడ లెక్కలోకి వచ్చే మనస్సాక్షి నీది కాదు, ఎదుటివాడిది (10:28-29). ఆవిడ నోట 'ప్రసాదం' అన్న మాట వచ్చాక ఇక తినకూడదు. అదే డబ్బాలో 'పండక్కి చేశా' అంటూ గారెలు వస్తే హాయిగా తినొచ్చు. కొండ మీద అన్నదానం పంక్తి సంగతి వేరు. అక్కడ కూర్చోవడమంటే ఆ పూజలో పాలుపంచుకోవడమే, ఎవరూ చూడకపోయినా కూర్చోకూడదు (10:21).

వద్దనేదేదో గుమ్మంలోనే చెప్పాలి. "వదినా, ప్రసాదం మేం తినం, ఏమీ అనుకోకండి. మీ చేతి గారెలు మాత్రం వదలం" అంటే చాలు, విగ్రహాల మీద ప్రసంగం అక్కడొద్దు. అన్నిటికన్నా చెడ్డపని, నవ్వుతూ తీసుకుని చెత్తబండిలో వేయడం. ఆవిడ కంట పడిందా, ఏళ్ల స్నేహం పోతుంది.

మనిషిని చూసి మారడం వేషధారణ కాదా అని అడుగుతారు. అంతియొకయలో యూదులు కానివాళ్లతో కలిసి తింటున్న పేతురు వెనక్కి తగ్గింది భయంతో (గలతీ 2:12). ప్రేమతో తగ్గడం వేరు. దీనికీ ఓ హద్దుంది. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘాల్లో పెళ్లికి తాళి మామూలే. చాలా పెంతెకొస్తు ఇళ్లలో నగలే పెట్టరు. అలాంటి ఇంటికి కోడలిగా వెళ్లిన పిల్ల, అత్తగారి మనసు నొచ్చుకోకుండా తాళి తీసి బీరువాలో పెడితే అది అక్కడి యూదుల కోసం పౌలు తిమోతికి సున్నతి చేయించడం లాంటిది (అపొ. 16:3). తాళి తీస్తేనే రక్షణ అని ఎవరైనా పట్టుబడితే మాత్రం లొంగకూడదు. తీతుకి సున్నతి చేయాల్సిందేనన్నవాళ్లకి పౌలు గడియసేపు కూడా లొంగలేదు (గలతీ 2:3-5). అప్పుడా పిల్ల తాళి మెడలో ఉంచుకోవడమే సరి.