పైన మ్యాగజీన్, కింద ఖాళీ కేసులు: బ్రెన్ ఎల్ఎంజీతో నా అనుభవం

ఇన్‌ఫాంట్రీలో నా సర్వీసు చాలామటుకు సెక్షన్ (చిన్న దళం) ఎల్ఎంజీతోనే, అంటే లైట్ మెషిన్‌గన్‌తోనే గడిచింది. రికార్డుల్లో దాని పేరు 7.62 ఎంఎం ఎల్ఎంజీ 1బి, వంశం మాత్రం బ్రెన్. చెకోస్లొవేకియాలోని బ్ర్నోలో వాస్లావ్ హోలెక్ తయారుచేసిన జెడ్‌బి-26ను బ్రిటిష్‌వాళ్లు తమ .303 తూటాకు సరిపడేలా మార్పించుకుని, బ్రెన్ పేరుతో 1938లో దళాలకు ఇచ్చారు. మన దగ్గర అప్పటికే, 1933లో, వికర్స్-బెర్తియర్ అనే మరో ఎల్ఎంజీని తీసుకున్నారు. అయినా చివరికి నిలబడింది బ్రెనే.

నెత్తి మీద మ్యాగజీన్ చూసి కొత్త రిక్రూట్లు నవ్వుకుంటారు. పొజిషన్‌లో పడుకున్నాక ఆ నవ్వు పోతుంది. మ్యాగజీన్ నేలకు తగలదు కాబట్టి గన్‌ను కిందికంటా దించుకోవచ్చు. పక్కనున్న సహాయకుడు, నంబర్ టూ, ఖాళీ మ్యాగజీన్ లాగి నిండుది పెడతాడు, కాల్చే నంబర్ వన్ గురి మీంచి కన్ను తీయక్కర్లేదు. కాల్చాక మిగిలే తూటా తొడుగులు, అంటే ఖాళీ కేసులు, కిందికే రాలతాయి, పక్కవాడి మొహం మీద పడవు. నష్టమూ ఉంది. మ్యాగజీన్ అడ్డొస్తుందని సైట్లను ఎడమవైపుకు జరిపారు. కుడి భుజం తప్ప వేరే దారి లేదు. ఎడమచేతివాటం కుర్రాళ్లకు ఇదో శిక్ష.

.303 కాలంలో తూటా అడుగున అంచు పొడుచుకుని ఉండేది, అందుకే ఆ మ్యాగజీన్ అంత వంపు. అంచులు ఒకదానికొకటి తట్టుకుంటే గన్ ఆగిపోయేది. 30 పట్టే దాంట్లో రెండు తగ్గించి నింపడం అలా అలవాటైంది. 7.62కి ఆ బాధ లేదు, మ్యాగజీన్ దాదాపు నిటారు.

లోపలి పని సులువే. బ్యారెల్ నుంచి వచ్చిన గ్యాస్ పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. పిస్టన్ వెళ్తూ, తూటా వెనక మూతలా ఉండే బ్రీచ్ బ్లాక్ వెనక కొసను కిందికి దించితే లాక్ విడిపోతుంది. మసి పట్టి గన్ బద్ధకిస్తే గ్యాస్ రెగ్యులేటర్‌ను ఇంకో సైజు పెద్ద రంధ్రానికి తిప్పాలి, అలాంటివి నాలుగున్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నిద్రలేక, చేతులు కొంకర్లు పోతున్నప్పుడు కూడా చేయగలిగిన మరమ్మతు. బ్యారెల్ మార్చడమూ అంతే: లాక్ ఎత్తు, హ్యాండిల్ తిప్పు, ముందుకు లాగు. కాలిన ఇనుము ముట్టుకునే పని లేదు.

కాల్పులు ఆగినప్పుడు బ్లాక్ వెనకే ఉండిపోతుంది, తూటా కూర్చునే ఛాంబర్‌కు గాలి ఆడుతుంది. అయితే ట్రిగ్గర్ నొక్కగానే అంత బరువూ ముందుకు దూకుతుంది, సింగిల్ షాట్‌లో గురి కాస్త కదులుతుంది. మూడు నాలుగు తూటాల బర్స్ట్‌లో ఆ తేడా కనబడదు. తూటాలన్నీ ఒకేచోట పడతాయి, మెషిన్‌గన్‌కు ఇంత కచ్చితత్వం పనికిరాదని కొందరు ఉస్తాద్‌లు (శిక్షణ ఇచ్చేవాళ్లు) అనేవారు. నేను ఒప్పుకోను. తూటాలు మోసేది మనమే కదా!

లోపం ఎక్కడంటే, అదే మ్యాగజీన్. నిమిషానికి దాదాపు 500 వేగంతో 30 తూటాలు ఎంతసేపు? తూటాల బెల్ట్‌తో నడిచే గన్‌లా ఏకధాటిగా కాల్చమంటే దీనివల్ల కాదు. బరువు దాదాపు పది కిలోలు. కొండెక్కుతున్నప్పుడు తిట్టుకోని రోజు లేదు. తర్వాత చేతికిచ్చిన, మన దేశంలో తయారైన ఇన్సాస్ ఎల్ఎంజీ చాలా తేలిక. అయినా డిఫెన్స్‌లో కూర్చోమంటే పాతదే అడిగేవాణ్ణి.