అప్పు ఉన్న ఇంట్లో దశమభాగం ముందా, వాయిదా ముందా?

జీతం అందిన రోజునే దశమభాగం, అంటే రాబడిలో దేవునికి ఇచ్చే పదోవంతు, తీసి పక్కన పెట్టాలా, లేక అప్పు వాయిదా కట్టిన తరువాతనే కానుక సంగతి చూడాలా అని స్త్రీల సమాజపు కూడికల్లో చాలామంది నన్ను అడుగుతున్నారు. రెండు పద్ధతులనూ మా ఇంట్లో పాటించి చూశాము కనుక నాకు తోచినది వివరంగా రాస్తున్నాను.

మొదటి పద్ధతి బలాన్ని తక్కువ చేయలేము. రాబడి అంతటిలో ప్రథమఫలం దేవునిదన్న సామెతలు 3:9కీ, పదియవ భాగాన్ని మందిరపు నిధిలోనికి తెమ్మన్న మలాకీ 3:10కీ అది నేరుగా లోబడుతుంది. పైగా ముందుగా తీయని కానుక నెలాఖరుకు మిగలదు. చర్చిలో కానుక కోసం ఇచ్చిన కవరు బైబిలులోనే ఖాళీగా ఉండిపోతుంది. బియ్యం ఎసట్లో పోసే ముందే పిడికెడు తీసి దేవుని కోసం దాచిన అమ్మమ్మలకు ఈ సంగతి బాగా తెలుసు. అప్పు లేని ఇంటికి ఇంతకంటే మంచి పద్ధతి లేదనే నా నమ్మకం.

అప్పు ఉన్న ఇంట్లో లెక్క వేరు. నెలకు 30,000 రూపాయల జీతం, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద తెచ్చిన లక్ష రూపాయల అప్పు ఉండి, అద్దె, సరుకులు, పిల్లల ఫీజులు పోగా చేతిలో 5,000 మిగులుతుందనుకుందాం. అందులో 3,000 దశమభాగంగా ఇస్తే, మిగిలిన 2,000 ఆ నెల వడ్డీకే సరిపోతుంది; ఎన్నేళ్లు కట్టినా అసలు తరగదు. 1,000 కానుకగా ఇచ్చి, 4,000 అప్పుకు కట్టి, నోటు వెనుక ఎప్పటికప్పుడు చెల్లు రాయించుకుంటే సుమారు 35 నెలల్లో తీరిపోతుంది. మొత్తం 5,000 అప్పుకే కడితే 26 నెలలు చాలు.

అయితే నన్ను ఒప్పించినది ఈ నెలల లెక్క కాదు, ఆ డబ్బు ఎవరిది అన్న ప్రశ్న. వాయిదా తేదీ వచ్చిన సొమ్ము నా చేతిలో ఉన్నా అది నాది కాదు; నాది కానిదాన్ని దేవునికి నా కానుకగా ఎలా అర్పించగలను? డ్వాక్రా సంఘంలో ఒకరు వాయిదా తప్పితే ఆ భారం తోటి సభ్యుల మీద పడుతుంది, వారిలో మనకంటే పేదవారు ఉంటారు. అటువంటి నెలలో నేను నింపిన కవరులో ఉన్నది వారి కష్టార్జితమే. 2 రాజులు 4వ అధ్యాయంలో అప్పులవాడు తన ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడని విధవరాలు మొరపెట్టుకున్నప్పుడు, ఎలీషా ఆమెను నూనె అమ్మి ముందు అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో పిల్లలతో కలిసి బ్రదకమన్నాడు. దేవుడు అద్భుతంగా ఇచ్చిన నూనెలో ప్రవక్త తనకంటూ భాగం అడగలేదు. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పించుకున్నవారిని యేసు మార్కు 7లో గద్దించిన మాట కూడా ఇదే వైపు చూపుతుంది.

అందుచేత వాయిదా ముందు, ఆ తరువాత హృదయంలో నిశ్చయించుకున్న కానుక అన్నదే నాకు మేలుగా కనిపిస్తోంది. ఆ మొత్తం చిన్నదైనా నెలనెలా తప్పకూడదు, ఇంటి ఖర్చు పెరిగిందని దాన్ని తగ్గించకూడదు. రెండవ కొరింథీ పత్రిక 9:7 సణుగుకొనకుండా, బలవంతం లేకుండా ఇమ్మంటున్నది. వాయిదా ఎగ్గొట్టి ఇచ్చిన నెలల్లో నేను సణుగుకుంటూనే ఇచ్చాను.

అప్పు తీరేదాకా కానుక పూర్తిగా మానేయడం త్వరగా ముగిసే దారే కాని, మానిన చేయి మళ్ళీ తెరుచుకోవడం కష్టం. దీవెన వస్తుందని అప్పు తెచ్చి మరీ కానుక ఇవ్వడాన్ని ఎవరికీ సలహాగా చెప్పను.

మా ఇంట్లో ఒకటవ తేదీన నేనూ మావారూ కలిసి పుస్తకంలో ముందు వాయిదా, దాని కింద కానుక, ఆ తరువాత ఇంటి ఖర్చులు రాసి, ప్రార్థించి, అప్పుడే డబ్బు తీస్తాము. ఇంకా ఎనిమిది వాయిదాలు ఉన్నాయి. అవి తీరిన మరుసటి నెల పుస్తకంలో మొదటి వరుస దశమభాగానిది.